మగ్గం గుంజకి కట్టిన పున్ని

అనగనగా, మా అమ్మమ్మకి ఇంకా పళ్ళున్న రోజుల్లో, ఒక ఊళ్ళో నేతగాళ్ళ వీధి ఉండేది. ఆ వీధిలో నాంచారి అనే ఆవిడ మగ్గం నేసేది. ఆవిడకి రెండేళ్ళ కూతురు, పేరు పున్ని. కాళ్ళు అలా ఆడించకు బుజ్జీ, దుప్పటి జారిపోతోంది. ఆ పున్ని కూడా అచ్చం నీలాగే, ఒక్కచోట నిలిచేది కాదు.

నాంచారి చేతులు మగ్గం మీద, కళ్ళు పిల్ల మీద. రోజుకో కొత్త సంగతి కనబడేది. ఒకరోజు నోట్లో ముద్ద పెడితే, పున్ని దాన్ని తీసి నాయనమ్మ మాణిక్యమ్మ నోట్లో పెట్టింది. "అబ్బో, పెట్టే చెయ్యే!" అనుకుంది నాంచారి. ఆ తర్వాత ఇంకోరోజు గడప ఎక్కబోయి మూడుసార్లు పడింది. ఎత్తుకోబోతే అమ్మ చెయ్యి విదిలించేసి, నాలుగోసారి తనే ఎక్కింది. "పౌరుషం కూడానూ!" అని మురిసిపోయింది నాంచారి.

ఇక మూడోది విను. పెరట్లో పున్ని నాన్న కొండయ్య నూలుకి రంగు కాస్తున్నాడు. కాగులో ఎర్రరంగు కుతకుతా ఉడుకుతోంది. పున్నికి ఆ ఎరుపు నచ్చింది. ఇంకేముంది, పరుగు! కొండయ్య రెక్క పట్టుకుని లాగాడు కాబట్టి సరిపోయింది. బెత్తెడు దూరం, అంతే. నాంచారి పరుగున వచ్చి పిల్లని ఎత్తుకుంది. ఆ పూట ముద్ద దిగలేదు.

అప్పుడు అత్త మాణిక్యమ్మ, "నీ మొగుణ్ణి నేనలాగే పెంచానే. పాత చీర తీసుకుని దీన్నీ మగ్గం గుంజకి కట్టెయ్యి" అంది. ఆ వీధిలో అందరూ చేసే పనే. నాంచారి వెతికి వెతికి ఇంట్లోకెల్లా మెత్తటి చీర తీసి పిల్ల నడుముకి కట్టింది. మెత్తగా ఉంటే చాలనుకుంది, పిచ్చిది.

మొదటిరోజు పున్ని గుక్కపెట్టి ఏడ్చింది. రెండోరోజు గుంజుకుంది, ముడిని పళ్ళతో కొరికింది. మూడోరోజు ఏమీ చెయ్యలేదు. కూర్చున్నచోటే కూర్చుని గోటితో నేల గీరింది. "దారికొచ్చింది" అంది అత్త. ఆ వారం నేత చకచకా సాగింది. నాంచారికి మాత్రం సంతోషం లేదు. ఎదురుగా ఉన్నది తన పిల్లలా లేదు.

అప్పుడు నాంచారి మొగుణ్ణి పిలిచింది. "ఏమయ్యా, ఉడికేది కాగైతే మనం పిల్లని కట్టేశామేంటి? ఆ పొయ్యి చుట్టూ దడి కట్టు." కొండయ్య తల గోక్కుని, "నిజమే కదే" అని తడికలు తెచ్చి గట్టిగా దడి కట్టాడు. ముందే తోచకూడదూ? పెద్దవాళ్ళ బుర్రలంతే తల్లీ.

ఆ తర్వాత నాంచారి ముడి విప్పింది. "పోవే తల్లీ, ఆడుకో" అంది. పున్ని లేచి నాలుగడుగులు వేసింది. చీర ఎంతవరకు అందేదో అక్కడికి వెళ్ళి టక్కున ఆగిపోయింది. ముందు అడ్డం ఏమీ లేదు, ఉత్త నేల. అయినా ఆగి, అమ్మ మొహం వంక చూసింది.

నాంచారి ఆ చోటు దాటించాలని చూసింది. బెల్లంముక్క చూపించింది, రాలేదు. గిలక్కాయ ఆడించింది, రాలేదు. తనే అటు వెళ్ళి చేతులు చాపింది, అయినా రాలేదు. "నా చేతుల్తో నేనే చేశాను" అని ఏడ్చింది.

అప్పుడు ఒకటి గమనించింది. పిల్ల చూస్తున్నది నేలని కాదు, తన మొహాన్ని. 'పుట్టినప్పటినుంచీ దీన్ని చూస్తూనే ఉన్నాను. కాసేపు చూడకుండా ఉంటే?' అనుకుంది. గోడవైపు తిరిగి కూర్చుంది. వెనక్కి చూడాలని ప్రాణం పీకింది. చూడలేదు. ఎంతసేపో అలాగే కూర్చుంది.

ఆ తర్వాత వంటింట్లోంచి అత్త కేక! "ఓసి దీని అల్లరి తగలెయ్యా! మజ్జిగ కుండ బోర్లించేసిందే! ఇల్లంతా పారుతోంది, రావే నాంచారీ!"

నాంచారి చటుక్కున తిరిగి చూసింది. గుంజ దగ్గర పిల్ల లేదు.

"పారనీ అత్తా" అంది, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ. "పారనీ."

కథేమో కంచికి, కాళ్ళేమో మంచానికి.
అల్లరంతా రేపటికి, కునుకంతా కంటికి.