బోయీ భుజం మీది కంతి

ఎప్పటిదో ఒక చిన్న రాజ్యం. దాన్ని ఏలే రణధీరరాయలకు తన కండల మీద ఉన్న మమకారం కన్నబిడ్డల మీద కూడా ఉండేది కాదు. రోజూ తెల్లవారగానే తాలింఖానాకు వెళ్లి కుడిచేత్తో గద తిప్పేవాడు. ఆ చెయ్యి అరటిబోదెలా బలిసింది. కొలువుకు వచ్చి పల్లకీ దిగగానే ఉత్తరీయం పక్కకు జరిపి ఆ చెయ్యి చూపించేవాడు. ఎదురొచ్చినవాళ్లు "ఆహా!" అనాలి. అదొక ఆచారమైపోయింది.

ఒకనాడు ఆయన పల్లకీ దిగుతుండగా, దాన్ని మోసే ముసలి బోయీ పోలడి పైబట్ట జారింది. వాడి కుడిభుజం మీద కొబ్బరికాయంత కండ లేచి ఉంది. రాజు మొహం చిట్లించాడు.

"ఏమిటా వికారం?"

ఆస్థాన వైద్యుడు అనంతభట్టు దూరం నుంచే చూసి, "కంతి ప్రభూ! ఒళ్లంతా ఒకలా ఉండి ఒక్కచోటే పెరిగితే అది రోగమే. రోగిష్టివాడు తమ పల్లకీ మొయ్యకూడదు" అన్నాడు.

"అయితే రేపటినుంచి వీణ్ణి రానివ్వకండి."

పోలడు కాళ్ల మీద పడ్డాడు. "ఇంకో పని రాదు దొరా! ముసలిది, మనవలు, అందరం ఈ బుజం మీదే బతుకుతున్నాం." రాజు వినిపించుకోలేదు. చెయ్యి చూపించుకునే తొందరలో ఉన్నాడు మరి.

అక్కడే ఉన్న మంత్రి తిప్పరసుకు కడుపు మండింది. పైకి మాత్రం వినయంగా, "ప్రభూ, అదే రోగం కొలువులో ఇంకొకరికీ ఉంది. అభయమిస్తే చూపిస్తాను" అన్నాడు.

"ఇచ్చాం. ఎవరు?"

తిప్పరసు ఒక దారం తీసి రాజుగారి ఎడమచెయ్యి కొలిచాడు. అదే దారం కుడిచేతికి చుట్టబోతే చాల్లేదు. వైద్యుడి వైపు తిరిగి, "ఒక్కచోటే పెరిగింది కదండీ?" అన్నాడు.

అనంతభట్టు గబుక్కున అడ్డొచ్చాడు. "ఇది రోగం కాదయ్యా! గద తిప్పి పెంచిన కండ. బరువు పడ్డచోట ఒళ్లు పెరగడం సహజం!"

"పోలడి భుజం మీదా బరువే పడింది."

రాజుకు కోపం వచ్చింది. "మా గదను మించిన బరువు వాడేం ఎత్తాడు?"

"తమరినే ప్రభూ! తమ కండ పెరిగినకొద్దీ దాన్ని మోసే భుజమూ పెరిగింది."

రాజు పోలడి వైపు తిరిగాడు.

"నొప్పి పుడుతుందా?"

"తమరు చిన్నదొరగా ఉన్నప్పుడు తెలిసేదే కాదు. ఆ గద పట్టాక..." అని పోలడు నాలిక కరుచుకున్నాడు.

రాజు పకపకా నవ్వాడు. నవ్వుతూనే పోలడి చోట నిలబడి పల్లకీ బొంగు కింద భుజం పెట్టి, "ఎక్కు తిప్పరసూ!" అన్నాడు. నాలుగడుగులు వేసేసరికి నున్నటి రాచభుజం ఎర్రగా కందిపోయింది.

పల్లకీ దించి, రాజు తన చేతి బంగారు కడియం తీసి మంత్రికి ఇచ్చాడు. పోలడి పని వాడిదేనని అందరి ముందూ చెప్పాడు. తన పట్టు ఉత్తరీయాన్ని మడతలు పెట్టి ఆ కండ మీద స్వయంగా పరిచాడు.

ఆ సాయంత్రం రాజు కొలువు నుంచి తన భవనానికి నడిచే వెళ్లాడు. వెనకాల ఖాళీ పల్లకీతో వస్తున్న పోలడు, అలవాటు చొప్పున బరువు కోసం మాటిమాటికీ భుజం సర్దుకున్నాడు.