పదిహేను సెకన్ల నాడి

శశిభూషణ్‌కి కోపం రాక ఏం చేస్తుంది చెప్పండి? ఒకటా రెండా, నాలుగేళ్ళు. ఆయుర్వేదంలో డిగ్రీ పుచ్చుకుని కూడా, తునిలో రైలుగేటు పక్క సందులో, పేరయ్యగారి వైద్యశాలలో నాడి చూడ్డం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాడు. అతనితో పాటు చదివినవాళ్ళు సొంత క్లినిక్కులు పెట్టుకున్నారు, ఫోన్లో వీడియోలు పెట్టి పేరు తెచ్చుకుంటున్నారు. ఇతను మాత్రం చాప మీద కూర్చుని గురువుగారి మొహం చూస్తున్నాడు.

కాకినాడలో మావగారు గది సిద్ధం చేయించారు. బోర్డు కూడా రాయించేశారు, పేరయ్యగారి శిష్యులు అని పెద్దక్షరాలతో. ఆ మాట బోర్డు మీద ఉండాలంటే ముందు పేరయ్యగారు ఒప్పుకోవాలి. ఆయన దగ్గర పట్టా అంటే కాగితం కాదు. ఏదో ఒక రోజు "ఇక వెళ్ళి కూర్చో నాయనా" అంటారు, అంతే. శశిభూషణ్‌తో మాత్రం ఆ ఒక్క మాట అనరు. అడిగినప్పుడల్లా చూద్దాంలే అంటారు. దసరా వెళ్ళిపోయింది, దీపావళి వచ్చేస్తోంది. బోర్డు పాతగుడ్డ కప్పుకుని మావగారి వరండాలోనే ఉంది.

పోనీ పని చేతకానివాడా అంటే, అదీ కాదు. పళ్ళు తోముకుంటూనే మెసేజులకి జవాబులిస్తాడు. ఇడ్లీ తింటూ కషాయాల జాబితా రాసేస్తాడు. సాయంత్రమైతే ఫోన్లోనే పదిమందికి పథ్యాలు చెప్తాడు. ఒక్క నిమిషం ఊరికే పోనిచ్చే మనిషి కాదు.

అసలు మంట అందుకే. పేరయ్యగారు రోజుకి పదిహేనుమందిని మించి చూడరు. ఒకళ్ళ చెయ్యి పట్టుకున్నారంటే ఇక ఆయనకి లోకం లేదు, కళ్ళు మూసుకుని అలా ఉండిపోతారు. ఏజెన్సీ కొండూళ్ళ నుంచి మొదటి బస్సుకి వచ్చినవాళ్ళు మెట్ల మీద కూర్చుని కూర్చుని, రేపు రండి అనిపించుకుని మళ్ళీ బస్సెక్కుతారు. ఇదేం ధర్మం? రోగి గుమ్మంలో పడిగాపులు పడుతుంటే వైద్యుడికి అంత తీరుబడి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒకసారి ఆ మాట పైకే అనేశాడు. పేరయ్యగారు ఆసాంతం విని, ఎండన పడి వచ్చావు, మజ్జిగ తాగు అన్నారు.

పోయిన సోమవారం పేరయ్యగారు చుట్టాలింటి పెళ్ళికని అన్నవరం వెళ్ళారు. వైద్యశాల శశిభూషణ్ చేతికొచ్చింది. టోకెన్లు ఇచ్చాడు. పేరూ బాధా ఫోన్లో ఎక్కించుకున్నాడు. పదిహేను సెకన్లు నాడి చూడ్డం, వచ్చిన లెక్కని నాలుగుతో హెచ్చవెయ్యడం, మందు చెప్పడం, తర్వాతివాళ్ళని పిలవడం. మధ్యాహ్నం రెండింటికల్లా అరవై నాలుగుమంది అయిపోయారు. మెట్ల మీద ఒక్క మనిషి మిగల్లేదు. నాలుగేళ్ళలో మొదటిసారి అతనికి కడుపు నిండినట్టయింది.

మర్నాడు ఆ సంగతి చెప్తే పేరయ్యగారు "ఓహో" అన్నారు. మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. ఓహో అట.

గురువారంనాడు వరాలమ్మ తిరిగొచ్చింది. కడుపులో మంటని సోమవారం వచ్చి చూర్ణం పట్టుకెళ్ళినావిడ. మంట ఇసుమంత కూడా తగ్గలేదట. సిన్నబాబు మంచోడేగానీ నా మొగం సూళ్ళేదండీ అని, శశిభూషణ్ అక్కడే ఉండగా పేరయ్యగారితో అనేసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

పేరయ్యగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. గేటు దగ్గర గూడ్సుబండి వచ్చి, పెట్టెలన్నీ దాటుకుని వెళ్ళిపోయింది. అయినా ఆయన చెయ్యి వదల్లేదు. బయట ఇంకా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుంటూ శశిభూషణ్ పళ్ళు నూరుకున్నాడు.

అప్పుడు వరాలమ్మ తనంతట తనే మొదలుపెట్టింది. కూతురు పెద్దాసుపత్రిలో ఉందట. ఇరవై రోజులుగా తనూ అక్కడే. వండుకునే వీల్లేక, తిన్నా సయించక, టీ నీళ్ళతోనే నెట్టుకొస్తోందట. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. పేరయ్యగారు చూర్ణం పక్కన పెట్టమన్నారు. టీ తగ్గించి రెండుపూటలా మజ్జిగన్నం తినమన్నారు. ఆ పూటకి తమ ఇంట్లోనే పెట్టించి పంపారు.

ఆమె గుమ్మం దాటిందో లేదో శశిభూషణ్ లేచి నిలబడ్డాడు. అరవై నాలుగుమందిలో ఒక్కత్తి వెనక్కొస్తే నలుగురిలో తన మందు తీసి పక్కన పెట్టిస్తారా అన్నాడు. తక్కిన అరవై ముగ్గురి మాటేమిటన్నాడు. ఆ రోజు తను లేకపోతే వాళ్ళలో యాభైమంది చూపించుకోకుండానే ఇంటికి పోయేవాళ్ళన్నాడు. అందులో అబద్ధమేముంది? ఆ ఊపులో కడుపులో ఉన్న మాట కూడా వచ్చేసింది.

"మీరు చెప్పినా చెప్పకపోయినా నేను కాకినాడ వెళ్ళిపోతున్నానండీ. ఇంకెన్నాళ్ళు కూర్చోవాలి నేను?"

పేరయ్యగారు కోప్పడలేదు. ఉత్తరీయం సర్దుకుని కుడిచెయ్యి చాపారు.

"వెళ్దువుగానిలే. వెళ్ళేముందు ఓసారి నా నాడి చూడు."

ఆ చెయ్యి అతనికి కొత్తేం కాదు. పాఠం మొదలయ్యేదే దాని మీద. నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్నే పట్టుకోవడం, డెబ్బై రెండు అనడం, వెళ్ళి వైద్యశాల తలుపులు తియ్యడం. ఇప్పుడూ విసురుగా కూర్చుని మూడు వేళ్ళూ ఆనించాడు. పదిహేను సెకన్లు. పద్దెనిమిది.

డెబ్బై రెండు, బ్రహ్మాండంగా ఉందని చెప్పి వేళ్ళు తియ్యబోయాడు. పేరయ్యగారు ఎడమచెయ్యి ఆ వేళ్ళ మీద వేసి అదిమి పట్టుకున్నారు.

జేబులో ఫోన్ మోగింది. బయట ఎవరో ఇంకెంతసేపని అడుగుతున్నారు. శశిభూషణ్ కోపం ఇంకా దిగలేదు. ఇది కూడా కాలయాపనే అనుకుంటూ కూర్చున్నాడు. వేళ్ళ కింద నాడి తన పని తను చేసుకుంటోంది.

ఉన్నట్టుండి ఒక దెబ్బ రాలేదు.

వేలు జారిందనుకుని సర్దుకున్నాడు. మళ్ళీ అంతా సవ్యంగానే ఉంది. ఈసారి ఒకటినుంచి లెక్కపెట్టాడు. డెబ్బై దాటాక మళ్ళీ ఆ ఖాళీ. ఫోన్ మళ్ళీ మోగింది, తియ్యలేదు. మూడోసారి కూడా చూడాలని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. మూడోసారీ ఆ ఖాళీ వచ్చింది.

పొద్దుటి లెక్కల్లో అప్పుడప్పుడూ పదిహేడే వచ్చేది. తనే ఎక్కడో తప్పు ఎంచాననుకుని పద్దెనిమిది వేసేసుకునేవాడు. అది ఇప్పుడు గుర్తొచ్చింది.

ఎన్నాళ్ళుగా అని అడిగాడు. నువ్వొచ్చిన రెండో ఏటినుంచీ అన్నారు పేరయ్యగారు. మందు వేసుకుంటున్నాను, కంగారు పడకు అని కూడా అన్నారు.

శశిభూషణ్‌కి మళ్ళీ కోపం ముంచుకొచ్చింది. ఈసారి దాంతోపాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

"ఇన్నేళ్ళూ నాతో ఒక్క మాట చెప్పకూడదాండీ?"

"చెయ్యి తెచ్చి నీ చేతిలోనే పెట్టాను కదయ్యా, రోజూనూ."