బూరెల పన్ను

గండికొండ రాజు వీరగోపాలుడికి ఒకరోజు నిండుసభలో కొడుకును పరీక్షించాలని బుద్ధి పుట్టింది.

"నాయనా అనంతూ, మన రాజ్యానికి తూర్పున ఏముంది?"

పన్నెండేళ్ల యువరాజు గట్టిగానే ఆలోచించాడు.

"మా గురువుగారి బొజ్జ, నాన్నగారూ. పాఠశాలలో తూర్పున ఆయనే కూర్చుంటారు."

సభ గొల్లుమంది. రాజు మొహం మాడిపోయింది.

ఆ గురువు వాచస్పతి శాస్త్రి. ఆయనకు పదిహేడు బిరుదులు. వాటిని రోజూ చదివించుకునేసరికే సగం పాఠం అయిపోయేది. మిగతా సగంలో ఏరుల పేర్లు, కొండల పేర్లు, ఏడు తరాల రాజుల పేర్లు ఏకబిగిన వల్లించేవాడు. ఇప్పటి బడుల్లో సోషల్ అంటున్నామే, అదన్నమాట. యువరాజూ, మంత్రుల పిల్లలు పదకొండుమందీ హాయిగా గురక పెట్టేవాళ్లు.

"తప్పు పాఠానిది కాదు ప్రభూ, దానికి ముందు పెట్టే భోజనానిది" అన్నాడు శాస్త్రి. "ఆ పేరిందేవి నెయ్యి ధారగా పోస్తుంది. పిల్లలు నిద్రపోక ఏం చేస్తారు?"

వంటశాల పెద్ద పేరిందేవిని పిలిపించారు.

"ఎనిమిది రోజుల్లో పిల్లలకు రాజ్యమంటే తెలియాలి. లేకపోతే గరిటె దించి కోట బయటికి నడు" అన్నాడు రాజు.

పేరిందేవికి భయం వేసింది. ఇరవయ్యేళ్లుగా ఆ పొయ్యిగడ్డే ఆమెకు ఇల్లు. అయినా తన వంటను తప్పుపట్టినందుకు అంతకంటే ఎక్కువ ఒళ్లు మండింది.

"నేరం భోజనానిదైతే, పాఠం కూడా భోజనానికే అప్పగించండి ప్రభూ."

మర్నాడు పిల్లల్ని తూర్పుముఖంగా కూర్చోబెట్టి అరిటాకులు వేసింది.

"ఎదురుగా ఉన్నది తూర్పు. ఆకు పైఅంచున ఉప్పు వేశాను, అది సముద్రం. ఆకు కొస ఎడమకు ఉంది కదా, అది ఉత్తరం. అక్కడున్న గోంగూర మన పొరుగురాజ్యం. వాళ్లు కాస్త పుల్లగా మాట్లాడతారు. అన్నం మన పొలాలు, చారు మన ఏరు. ఏరు సముద్రంలో కలవకుండా గట్టు కట్టినవాళ్లకు ఇంకో అప్పడం."

ఇక చూడండి, అన్నంతో గట్లు లేచాయి, తెగాయి. ఒకడి వరద పక్కవాడి ఒళ్లోకి పారింది. జుట్లు పట్టుకోబోతుంటే పేరిందేవి వాళ్లచేతే పంచాయతీ చేయించి తీర్పు చెప్పించింది. ఎనిమిది రోజుల్లో ఒక్కడూ కునుకు తీయలేదు.

ఎనిమిదోనాడు రాజు వచ్చి పక్కగా కూర్చున్నాడు. అడిగిన ప్రతి దిక్కూ, ప్రతి ఏరూ యువరాజు గడగడా చెప్పాడు.

రాజు వెంట వచ్చిన శాస్త్రి ఓర్వలేక అడ్డుపడ్డాడు.

"ఇది తిండి, చదువు కాదు. పరిపాలన తెలుసా వీళ్లకి? పన్ను మితిమీరితే ఏమవుతుందో చెప్పమనండి."

"అయితే మీరే రాజై కూర్చోండి శాస్త్రిగారూ" అంది పేరిందేవి. "పిల్లలు ప్రజలు. మీకు తోచిన పన్ను వేసుకోండి."

రాజవడం శాస్త్రికి భలే నచ్చింది. వరుస మొదట్లో బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. ఇంకా ఎవరూ ముద్ద ముట్టకముందే తలకో బూరె బుట్టలో వేయమన్నాడు. యుద్ధం ఖర్చులంటూ రెండోది కూడా లాగేశాడు. ఆకుల మీద బూరె మిగల్లేదు.

"ఇప్పుడు గారెలు" అన్నాడు రాజసంగా.

అనంతు పేరిందేవి వైపు చూశాడు. ఆమె తనకేమీ పట్టనట్టు నేతిగిన్నె తుడుచుకుంటోంది. యువరాజు తన ఆకు రెండు చేతులా ఎత్తుకుని లేచాడు. వెనకే పదకొండుమందీ లేచారు. అందరూ ఆకులతో సహా ఖాళీగా ఉన్న అవతలి వరుసకు నడిచారు.

శాస్త్రి అదిరిపడ్డాడు.

"ఆగండర్రా! విస్తరి ముందు కూర్చున్నాక, తినకుండా లేస్తారా? ఎంత అపచారం!"

యువరాజు వెనక్కి తిరిగి వినయంగా జవాబిచ్చాడు.

"భోజనమైతే లేవం గురువుగారూ. ఇది రాజ్యం. పన్ను కట్టలేక పక్క రాజ్యానికి వలస పోతున్నాం."

ఇటు వరుసలో శాస్త్రి, ఆయన ముందు బూరెల బుట్ట. అంతే, నరమానవుడు లేడు.

రాజు నవ్వు బిగబట్టి అడిగాడు. "పేరిందేవీ, మరి ఈ రాజుగారు ఇప్పుడు ఎవర్ని ఏలుతారు?"

"బూరెల్ని ఏలుకుంటారు ప్రభూ. అవి ఎదురుచెప్పవు."

రాజు పగలబడి నవ్వాడు. కళ్లనీళ్లు తుడుచుకుని, చేతి కంకణం తీసి పేరిందేవికిచ్చాడు. రాజ్యపాఠం ఇకమీదట వంటశాలలోనే అన్నాడు.

"మా రాజ్యానికి తిరిగి రండి నాయనా" అని శాస్త్రి నీరసంగా బతిమాలాడు.

"ముందు పన్ను తిరిగివ్వండి" అన్నారు ప్రజలు.

పదిహేడు బిరుదుల శాస్త్రి నడుం వంచి, బుట్ట పట్టుకుని, ఒక్కొక్క ఆకులో రెండేసి బూరెలు వడ్డించాడు.