సన్నేసమ్మ ఎదురొచ్చిన కారు

అనగనగా ఒక రాజు అని మొదలుపెడతారు అందరూ. ఈ కథలో రాజు లేడు. అనగనగా ఒక ఘాటు రోడ్డు. ఆ ఘాటు నెత్తిన ఒక మోటారు షెడ్డు. ఆ షెడ్డు వెనక ఒక కిరసనాయిలు తొట్టి. ఆ తొట్టి పక్కన సన్నేసమ్మ.

ఎప్పటి మాటంటే, ఆ కొండకి రోడ్డు వేసిన కూలీలు ముసలాళ్లై ఇంకా బతికే ఉన్న రోజుల మాట.

సన్నేసమ్మ పని నట్లు కడగడం. మగవాళ్లు విప్పిన నట్లూ బోల్టులూ కిరసనాయిల్లో ముంచి, జిడ్డు వదిలించి, గుడ్డ మీద ఆరబెట్టడం. పానా పట్టుకోవడం ఆమె పని కాదు. బండి కిందకి దూరడం ఆమె పని కాదు. బండికి పూజ చేసేటప్పుడు ముందుకు రావడం అసలే ఆమె పని కాదు. ఎందుకంటే సన్నేసమ్మకి మొగుడు లేడు.

ఆ మొగుడు ఎలా పోయాడో కూడా చెప్పాలి. అతనో లారీ డ్రైవరు. ఆ షెడ్డులోనే బాగుచేసిన లారీని, ఆ ఘాటులోనే దింపుతూ లోయలో పడ్డాడు. మర్నాడు షెడ్డు పళ్లెంలో ఒక నట్టు మిగిలి కనిపించింది. "ఏ బండిదో," అన్నారు. "వాడి రాత," అన్నారు. నట్టు మరిచినవాళ్లు దర్జాగా బండ్లకి కొబ్బరికాయలు కొడుతూనే ఉన్నారు. అపశకునం మాత్రం ఆమె అయింది.

అప్పటినుంచి సన్నేసమ్మకి ఒక అలవాటు. తన పాత చీర చింపి నేల మీద పరిచేది. విప్పినవి విప్పిన వరసలో, ఎడమ చక్రానివి ఎడమన, కుడి చక్రానివి కుడిన, ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు పెట్టేది. ఒక్కొక్కటీ బండెక్కుతుంటే చుక్కలు తగ్గాలి. చుక్క మిగిలిందా, ముగ్గు పూర్తికాలేదన్నమాట. ఆమెకి చదువు రాదు. ముగ్గు వచ్చు. అది చాలింది.

ఒకనాడు షెడ్డుకి సీమ కారు వచ్చింది. కాఫీ తోటల దొరది. తెల్లదొర కాదు, మనవాడే. కారు ఓడ దిగి ఇరవై ఏళ్లయింది. రంగు వెలిసింది, తోలు సీట్లు పగిలాయి. అయినా దాని పొగరు దానిదే. పరుగు చూస్తే పందెపు బండి, తలుపు తీస్తే కుటుంబం కూర్చునే ఇల్లు. దాని స్టీరింగు వదులైంది. ఇటు తిప్పితే కాసేపు ఆలోచించుకుని ఇటు వస్తోంది. చక్రాలను తిప్పే కొత్త రాడ్లు రెండు, వాటి నట్లు జారకుండా గుచ్చి, రెండు కాళ్లూ వంచే పిన్నులు రెండు, దొర ఓడ మీద తెప్పించాడు. సన్నేసమ్మ వాటినీ తన గుడ్డ మీద ఎడమది ఎడమన, కుడిది కుడిన పెట్టింది.

అప్పలకొండ మేస్త్రి పనికి దిగాడు. ఎడమ చక్రం నట్లు కదల్లేదు. ముగ్గురు మగవాళ్లు పానాకి గొట్టం తొడిగి వేలాడారు. ఒక బోల్టు పుటుక్కున తెగింది. సన్నేసమ్మ ఆ ముక్క కడిగి చూసింది.

"మేస్త్రి బాబూ, దీని మరలు ఎదురు తిరిగున్నాయి. మీరు విప్పతన్నామనుకుని బిగిస్తన్నారు."

"నీ తొట్టి నువ్వు సూసుకోయే."

ఆమె తొట్టి ఆమె చూసుకుంది. కాసేపటికి నట్లు వదులైన చప్పుడు వినిపించింది. "సీమ బండి గదా, మరలు ఎదురుంటాయి. నాకు ముందే తెలుసు," అంటున్నాడు మేస్త్రి. సన్నేసమ్మ కిరసనాయిల్లోకి చూసి నవ్వుకుంది.

మూడు రోజులు పని జరిగింది. మూడోనాడు పొద్దున్నే దొర వచ్చాడు. దొరసాని వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. డ్రైవరు గురువులు కారు తుడిచి నిలబెట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కర్పూరం వెలిగించారు. కొబ్బరికాయ కొట్టారు. షెడ్డు వెనక సన్నేసమ్మ తన గుడ్డ మడతపెట్టబోయింది.

ఒక చుక్క మిగిలింది.

ఎడమవైపు వరసలో ఒక పిన్ను. సన్నేసమ్మ దాన్ని గుప్పిట్లో పట్టుకుని మేస్త్రి దగ్గరికి పరిగెత్తింది.

"బాబూ, పిన్ను మిగిలిపోనాది."

"పాతదే అది. పో."

"పాతదైతే కాళ్లు వంగుండాల గదా బాబూ. ఇది తిన్నగుంది. ఇది బండి ఎక్కనేదు."

మేస్త్రి ఆ పిన్ను వంక చూశాడు. ఆమె నిజం చెబుతోందని అతని కళ్లకి తెలిసింది. నోటికి తెలియలేదు. "పూజయిన బండిని మళ్లీ జాకీ ఎక్కిస్తారటే ఎవరైనా? అరిష్టం గాదా? దొరగారి ముందు నా పరువేటి కావాల?"

మేస్త్రి పరువుని లేపే జాకీ ఆ షెడ్డులో లేదు.

చిన్నపిల్ల అప్పటికే కారెక్కి, అద్దానికి ముక్కు ఆనించి సన్నేసమ్మని చూస్తోంది. సన్నేసమ్మకి ఆ ఘాటు తెలుసు. దాని మలుపులు తెలుసు. ఏ మలుపు దగ్గర లోయ మొదలవుతుందో మరీ తెలుసు. ఆమె చేతిలో పానా లేదు. ఆమె మాటకి విలువ లేదు. ఆ మగవాళ్లు ఆమెకి ఇచ్చింది ఒకటే ఉంది. సరే, దాన్నే వాడుకుంటానంది మనసులో.

కారు కదిలింది. సన్నేసమ్మ ఎదురొచ్చింది.

"ఛీ, విధవ ఎదురొచ్చింది!" అన్నాడు దొర. కారు ఆపారు. అందరూ దిగి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, మళ్లీ ఎక్కారు. కారు కదిలింది. సన్నేసమ్మ షెడ్డు చుట్టూ తిరిగి ఎదురొచ్చింది. మళ్లీ దిగారు. మళ్లీ కాళ్లు కడిగారు. మళ్లీ నీళ్లు తాగారు. ఈసారి మేస్త్రి ఆమె కొంగు పట్టి లాగి, గుంజకి అదిమి నిలబెట్టాడు. కారు కదిలింది. కొంగు చిరిగి అతని చేతిలో ఉండిపోయింది. సన్నేసమ్మ మూడోసారి ఎదురొచ్చింది.

గురువులు ఇంజను ఆపాడు. తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"మూడుసార్లు ఎదురొచ్చినాది దొరా. ఈ బండి ఈవేళ దింపను. కొట్టినా దింపను."

దొర ముఖం పాలిపోయింది. "పూజ చెడిపోయింది. మళ్లీ మొదటినుంచి చెయ్యండి," అన్నాడు.

పూజ చెడిన బండిని జాకీ ఎక్కించవచ్చు. శాస్త్రం ఒప్పుకుంటుంది. గురువులు తనే కిందకి దూరాడు. ఎడమ రాడ్డు నట్టుకి పిన్ను లేదు. రెండు వేళ్లతో తిప్పాడు. నట్టు ఊడి అరచేతిలో పడింది.

దొరసాని పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కుంది. మేస్త్రి సన్నేసమ్మ గుప్పిట్లోని పిన్ను లాక్కుని, నట్టు బిగించి గుచ్చాడు.

తరవాత మాటలు మొదలయ్యాయి. "మళ్లీ చూసి పిన్ను పెట్టిన మేస్త్రి దేవుడు," అని దొర అప్పలకొండకి శాలువా కప్పాడు. "విధవ నీడ పడబట్టే నట్టు వదులైంది," అన్నాడు అప్పలకొండ. మర్నాటినుంచి షెడ్డుకి రావద్దన్నాడు.

గుడ్డ మడిచి చంకన పెట్టుకుని వెళుతున్న సన్నేసమ్మని గురువులు ఆపాడు. ఆమె మొగుడు, అతను ఒకనాడు కలిసి లారీలు తోలినవాళ్లే.

"నాతో ఒక్క మాట సెప్పకపోనావా వదినా?"

"సెప్పాల్సినోడికి సెప్పినాను గురువులూ. నా మాట వినబడనేదు. అందుకే కనబడినాను."

సన్నేసమ్మ ఘాటు రోడ్డు మీద ఒక మలుపు దగ్గర కంకర కొట్టే పనికి చేరింది. గురువులు ఆ మలుపు దాటినప్పుడల్లా హారన్ కొట్టేవాడు. ఆమె సుత్తి ఎత్తి చూపించేది. ఒక వానాకాలం అతను హారన్ కొడితే సుత్తి లేవలేదు. జ్వరంతో మూడు రోజుల క్రితమే పోయిందన్నారు కూలీలు. ఆమె గుడిసెలో ఆ గుడ్డ ఒక్కటే ఉంది. దాని నిండా నట్ల మరకలు, చుక్కలు చుక్కలుగా.

గురువులు ఆ గుడ్డ తెచ్చి షెడ్డులో పరిచాడు. "ఇది ఖాళీ అయితేనే తాళం ముట్టుకుంటా," అన్నాడు. ఒక డ్రైవరు మాటని మేస్త్రి నవ్వి వదిలేశాడు. పదిమంది డ్రైవర్లు అదే మాట అన్నాక నవ్వలేదు.

ఇప్పటికీ ఆ ఘాటు మీద షెడ్డుల్లో విప్పిన ప్రతి నట్టూ పాత చీర గుడ్డ మీదే పెడతారు. పని అయ్యాక, "సన్నేసమ్మకి చూపించారా?" అని అడుగుతారు డ్రైవర్లు. గుడ్డ దులిపి చూపిస్తేనే బండి కదులుతుంది.

ఇంకో ఆచారం కూడా ఉంది. ఆ ఘాటు మీద మొగుడు లేని ఆడది ఎదురొస్తే ఎవరూ ఛీ అనరు, కాళ్లు కడుక్కోరు. బండి ఆపుతారు. దిగి, వంగి, చక్రాల కిందకి చూస్తారు. అంతా సరిగా ఉంటే ఆమె వైపు ఒకసారి చూసి, హారన్ కొట్టి పోతారు.

ఆమె చెయ్యి ఎత్తుతుంది.