అర మూర ఉన్ని ఎక్కడికి పోయింది

చుక్కమ్మ అనే గొర్రెకు అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం. వాగులో నీళ్ళు కూడా పక్క గొర్రె తాగాక, దానికేమీ కాలేదని చూసుకుని గాని తాగేది కాదు. గుట్ట కింద దాని కొట్టం. ఈ వానలకు మట్టిగోడ కూలి మూడు మూరల సందు పడింది. నెల నిండని పిల్ల లోపల, నక్క బయట. ఇక చుక్కమ్మకు కునుకు ఎక్కడిది?

ఆ సందుకు ఉన్నితెర చేసిస్తానని సోమక్క ఒప్పుకుంది. సోమక్క రేవులో ఏళ్ళ తరబడి మూటలు మోసిన గాడిద. "నాలుగు మూరల తెరకు సరిపడా ఉన్ని పట్టుకురా" అంది.

"సందు మూడే కదా?"

"చెప్పినంత తేవమ్మా."

చుక్కమ్మ తన ఒంటి మీది ఉన్నినంతా ఇచ్చింది. ఇచ్చే ముందు తక్కెడలో రాళ్ళకు సరితూచి, ఆ రాళ్ళను గడ్డి కింద దాచుకుంది.

సోమక్క ఉన్నిని పొరలుగా పరిచి, వేడి కుంకుడు నీళ్ళు చల్లి, చాపలో చుట్టి గిట్టలతో దొర్లించసాగింది. మగ్గం లేదు, నేత లేదు. దొర్లించేకొద్దీ వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకుని తెర అవుతాయి. మూడో రోజు చుక్కమ్మ మూర వేసి చూసింది. మూడున్నరే ఉంది.

ఇంటికి వెళ్తుంటే గట్టు మీంచి నక్క పలకరించింది. "ఏం వదినా, నాలుగిచ్చి మూడున్నర తెచ్చుకుంటావా? రేపటికి అదీ తగ్గుతుంది చూడు. సోమక్క పడక ఈమధ్య మెత్తగా ఉంటోందట. నా మాట విని, ఉన్నది ఉన్నట్టు ఇవాళే దర్జీ కోతి దగ్గర మిషన్ మీద అంచు కుట్టించేసుకో."

చుక్కమ్మ వెనక్కి తిరిగి పరుగెత్తింది. "నా తెర ఇచ్చెయ్ సోమక్కా, కుట్టించుకుంటా."

"ఇంకా కాలేదు. పంటితో గిల్లి చూడు."

గిల్లితే పోగు ఊడి నోట్లోకి వచ్చింది.

"పోగు రాకూడదు, తెర మొత్తం పైకి లేవాలి. అప్పుడే మిషన్ ఎక్కించాలి. ముందే కుడితే రేపు వానకు తెర ముడుచుకుంటుంది, కుట్టు ముడుచుకోదు. అంతా ముడతలు పడిపోతుంది."

"మరి నా అర మూర ఏది?"

సోమక్క మనసు చివుక్కుమంది. "ఆరాక తూచుకో" అంది.

"ఆరేదాకా ఇక్కడే కూచుంటా."

"కూచో."

కొట్టం నుంచి పిల్లను తెచ్చి పక్కన పడుకోబెట్టుకుని చుక్కమ్మ రెండు రోజులు కదల్లేదు. సోమక్క మళ్ళీ వేడినీళ్ళు పోసి, తెరను బండకేసి కొట్టి, చన్నీళ్ళలో జాడించి, మూలలు సరిచేసి ఆరేసింది. చుక్కమ్మ అన్నీ చూసింది. సోమక్క తోక కింద కూడా చూసింది.

ఆరిన తెర సరిగ్గా మూడు మూరలు తేలింది. చుక్కమ్మ రాళ్ళు తెచ్చి తక్కెడలో వేసింది. రాళ్ళవైపు కాస్త మొగ్గింది.

"చూశావా?" అంది చుక్కమ్మ.

సోమక్క చాప విదిలించింది. పిడికెడు నూగు రాలింది. దాన్ని ఏరి తెర మీద వేస్తే తక్కెడ సమంగా నిలిచింది.

చుక్కమ్మకు తల ఎత్తలేనంత సిగ్గేసింది. "తప్పయింది సోమక్కా. ఉన్ని ఎక్కడికీ పోలేదు, దగ్గరపడింది, అంతే" అంది. అయినా గుణం ఊరుకోదుగా. "నా ఉన్ని తగ్గితే నక్కకేం నొప్పి?" అని తెరను మళ్ళీ గిల్లింది. తెర మొత్తం లేచింది, ఒక్క పోగు రాలేదు. మొన్న నోట్లోకి వచ్చిన పోగు గుర్తొచ్చింది. నా పంటికే ఊడిన తెర, నక్క గోళ్ళకు ఆగేదా?

కోతి కూడా ఒకసారి గిల్లి చూసి గాని సూది దించలేదు. అంచుకు బట్ట వేసి గట్టిగా కుట్టిచ్చింది. తెర సందుకు బిగించి, చుక్కమ్మ కాపలా కుక్క చెవిలో ఒక మాట వేసి, గట్టు దగ్గరికి వెళ్ళింది.

"నీ మాటే విన్నా మరిదీ. సోమక్కను నమ్మకుండా పచ్చిదే కుట్టించేశా."

"మంచి పని చేశావు వదినా" అంది నక్క.

ఆ సాయంత్రం వానలో నక్క వచ్చి రెండు ముందుకాళ్ళ గోళ్ళూ తెరలో దించి లాగింది. పోగు రాలేదు సరికదా, దిగిన గోళ్ళు బయటికి రాలేదు. గుంజేకొద్దీ ఇంకా చిక్కుకున్నాయి. వెనక నుంచి కుక్క నింపాదిగా నడిచొస్తోంది.

తెర లోపలి నుంచి చుక్కమ్మ అడిగింది. "ఏం మరిదీ, ఆ అర మూర దొరికిందా?"

నీతి: ఒకరి మీద మనకు అనుమానం పుట్టించినవాణ్ణి కూడా అదే తక్కెడలో తూచి చూడాలి.