గట్టు న్యాయం, లంక న్యాయం

గోదారి రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసేచోట ఒక లంక ఉండేది. మొదట్లో అది వట్టి ఇసకదిబ్బ. వరదలు ఒండ్రు తెచ్చిపోస్తే రెల్లు మొలిచింది, రెల్లు వెనకాల పచ్చిక, పచ్చిక వెనకాల జంతువులు.

పడమటి గట్టు మీది అడవిని జూలప్ప అనే సింహం ఏలుతుండేవాడు. ఒక ఏడాది అక్కడ వానలు మొహం చాటేసి గడ్డి మాడిపోతే, కొన్ని గేదెలు, మేకలు, కుందేళ్లు పాయ దాటి లంకలో కాపురం పెట్టాయి. మేకలూ కుందేళ్లూ ఎలా దాటాయంటారా? గేదెల వీపుల మీదే. ఆ పాయలో సుడులెక్కువ. గేదె తప్ప ఇంకెవరు దిగినా నీరు ఎటు తోస్తే అటు పోవాల్సిందే.

గేదెలకు పెద్ద కాటుకమ్మ. చోటు మారినా దొర మారలేదనేది ఆవిడ పట్టుదల. తెల్లారి లేవగానే పడమటి గట్టు వైపు కొమ్ములు వంచి దండం పెట్టాకే గడ్డి ముట్టేది. దూడకు దొరగారి పేరు కలిసొచ్చేలా జూలుగాడని పేరు పెట్టుకుంది. దూడకు జూలెక్కడుందత్తా అని మేకపోతు వీరన్న నవ్వితే, "భక్తి ఉండాలిగానీ జూలు మొలవడం ఎంతసేపురా" అంది.

ఒక వేసవిలో తూర్పు పాయ ఇంకిపోయి దుమ్ములగొండులు లంక మీద పడ్డాయి. కాటుకమ్మ వెళ్లి మొర పెట్టుకుంటే జూలప్ప తోడేళ్లను పంపాడు. తోడేళ్లు గేదెల వీపులెక్కి వచ్చి దుమ్ములగొండులను తూర్పు కొండల దాకా తరిమాయి. అంతవరకూ మంచి పనే. అయితే పిలిచి పీట వేసిన చుట్టం లేవడం మరిచిపోయాడు. శత్రువు పోయాడు, కాపలా మాత్రం పోలేదు. పొద్దున్నే తోడేళ్లు గేదెలెక్కి రావడం, లంకంతా పెత్తనం చెయ్యడం, సాయంత్రం గేదెలెక్కి పోవడం.

వాటి వెనకాలే మంత్రి చంచన్న దిగాడు. నక్క. అతణ్ణి మోసుకొచ్చింది కాటుకమ్మే.

"కాటుకమ్మక్కా, మీ క్షేమం తలుచుకుని దొరవారికి నిద్ర పట్టడం లేదు," అన్నాడు.

"సింహం మధ్యాహ్నం కూడా గుర్రుపెడుతుందని విన్నానే," అన్నాడు వీరన్న.

నక్క ఆ మాట విననట్టే ఉండి దొర ఆజ్ఞ చెప్పాడు. ఇక నుంచి లేత గడ్డి గట్టుకు పంపాలి. ముదురు గడ్డి లంకవాళ్లు తినొచ్చు. కాపలా ఊరికే వస్తుందా?

మేకలు సణిగాయి. కన్నవాళ్లకు పెట్టినదాన్ని లెక్క చూసుకుంటారా అని కాటుకమ్మ వాటి నోళ్లు మూయించింది. తర్వాత ఉప్పుమట్టి నాకాలంటే తోడేళ్ల సెలవు తీసుకోవాలన్నారు. దానికీ ఆవిడే సర్దిచెప్పింది.

ఎండలు ముదిరాక చంచన్న మళ్లీ వచ్చాడు. "చిన్న సంగతి అక్కా. తోడేళ్లు పాపం గడ్డి తినవు కదా. పున్నమికో దూడను పంపమన్నారు. మొదటివాడు మీ జూలుగాడైతే అందరికీ దారి చూపినట్టుంటుంది. మీ భక్తి దొరవారి చెవిన పడింది."

కాటుకమ్మ నెమరు ఆగిపోయింది. నక్క వెళ్లాక వీరన్న మెల్లగా అన్నాడు. "అత్తా, ఇంకా దండాలు పెడతావా?"

"దొరకు తెలిసుండదురా. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అదీ సంగతి. గట్టు మీద తాతల నాటి కట్టుబాటుంది. మంద పెద్ద కొలువులో తలూపితే తప్ప ఆ మందలోంచి గడ్డిపరక కూడా తీసుకోకూడదు. మనల్నెవరూ అడగలేదు. వెళ్లి గుర్తుచేస్తే సరి, ఆయనే నక్కను చీవాట్లు పెడతాడు."

పాయ ఈది కొలువుకు వెళ్లింది. పుట్టి పెరిగిన చోటే కదా అని గేదెల వరసలో నిలబడబోతే, వాకిట్లో దుప్పి అడ్డొచ్చింది. "లంకవాళ్లు అటు, ఎండలో."

జూలప్ప ఆవులించాడు. "ఎవరీ గేదె?"

"లంక గేదె ప్రభూ," అన్నాడు చంచన్న.

"లంక మనదేనా?"

"మనదే ప్రభూ. లేత గడ్డి అక్కణ్ణించే వస్తోంది."

"అలాగా. ఈ మధ్య జింకలు రుచిగా ఉంటున్నాయి."

ఇన్నేళ్లు దండం పెట్టింది ఈయనకేనా అనిపించింది కాటుకమ్మకు. అయినా అడిగింది. "ప్రభూ, మా గడ్డి అడక్కుండానే తీసుకున్నారు. ఇప్పుడు దూడల్ని అడుగుతున్నారు. మంద పెద్ద ఒప్పుకోవాలన్న కట్టుబాటు..."

"అది గట్టు మీదివాళ్లకు," అన్నాడు జూలప్ప.

"మేమూ గట్టువాళ్లమే ప్రభూ. గడ్డి కోసం పాయ దాటాం, అంతే."

"దాటేటప్పుడు మీ కట్టుబాటు తడిసి జారిపోయినట్టుంది," అన్నాడు చంచన్న.

కొలువంతా నవ్వింది. నవ్విన వాళ్లలో కాటుకమ్మ సొంత చెల్లెలు కూడా ఉంది. దూడను అడిగినప్పుడు కలిగింది భయం. ఇప్పుడు కలిగింది వేరు. ఆవిడ దండం పెట్టకుండానే నీళ్లలోకి దిగింది.

"ఏమన్నాడత్తా?" అని లంకంతా మూగింది.

"మనమెవరమో చెప్పాడు. ఇన్నాళ్లూ నాకే తెలియలేదు."

పున్నమికి దూడ వెళ్లలేదు. మర్నాడు పొద్దున్నే గట్టు మీంచి కబురొచ్చింది. లంకకు బుద్ధి చెప్పడానికి దొర స్వయంగా వస్తున్నాడు. మోయడానికి గేదెలు రావాలి.

"వెళ్లకత్తా," అన్నాడు వీరన్న.

"పిలిచాడు కదరా, వెళ్లకపోతే ఎలా," అంటూ ఆవిడ మందను వెంటబెట్టుకుని ఈదుకుంటూ పోయింది. గేదె మీద వాన కురిసినట్టే ఉంది ఈవిడ వ్యవహారం అని మేకలు తలలు కొట్టుకున్నాయి.

కాటుకమ్మ మీద జూలప్ప ఎక్కాడు, వెనక గేదె మీద చంచన్న, మిగిలిన వాటి మీద తోడేళ్లు. నడి పాయలోకి వచ్చాక కాటుకమ్మ ఆగింది.

"ఆగావేం?"

"ఎండ ప్రభూ. నీళ్లలో ఎండ తగిలితే మా జాతికి మునగాలనిపిస్తుంది."

"నేను పైనున్నాను."

"తెలుసు ప్రభూ. మమ్మల్ని అడక్కుండా తీసుకోవడం మీ న్యాయం. మిమ్మల్ని అడక్కుండా మునగడం మా అలవాటు."

ముక్కుపుటాలు మాత్రం పైకి ఉంచి ఒళ్లంతా నీట ముంచేసింది. వెనక మందంతా అలాగే చేసింది. దొర నోటి నిండా గోదారి. తోడేళ్లు తలో సుడిలో గిరగిరా తిరిగాయి. కింద రెండు మలుపుల అవతల, జూలు మొహానికి అంటుకుపోయి, ఎవరో ఉతికి ఆరేయడం మరిచిన గొంగళిలా జూలప్ప గట్టెక్కాడు. అతని తోక పట్టుకుని చంచన్న బతికాడు.

తర్వాత ఏ గేదే తోడేలుకు వీపు ఇవ్వలేదు. ఏ తోడేలూ అడగలేదు.

కొన్నాళ్లకు పడమటి అడవిలో కొలువు తీరింది. చంచన్న లేచి గొంతు సవరించుకున్నాడు. "లంకవాసులు పెద్దవాళ్లయ్యారని గ్రహించి, దొరవారు స్వయంగా నది మధ్యదాకా వెళ్లి, వారికి స్వాతంత్ర్యం ప్రసాదించి వచ్చారు." కొలువంతా జేజేలు పలికింది. జూలప్ప గంభీరంగా తలూపబోయి గట్టిగా తుమ్మాడు.

నీతి: ఎవరి వీపెక్కి ఏలుతున్నాడో వాళ్ల మాట చెవిని పెట్టని దొరకు ఏలుబడి నడి ఏట్లోనే ముగుస్తుంది.