తొణకనమ్మ గుట్ట మీద తొలి పాట

మగ్గాలపల్లెకు పడమర, నల్లరేగడి చేల నడుమ నిలిచిన ఎర్రరాతి గుట్ట మీద తొణకనమ్మ తల్లి కొలువై ఉన్నది. తల్లి చేతిలో ఆయుధం లేదు. వెన్ను నిటారుగా నిలిపి, ఎడమచేతిని కడుపుకు ఆనించి దర్శనమిస్తుంది. గొంతునే నమ్ముకున్నవారికి ఈమె ఇలవేల్పు.

పూర్వం ఇక్కడ అమ్మవారిని ఎర్రమ్మ అనేవారు. జాతర నాటి ఉదయం సాలెవాడ ఆడపడుచు ఒకరు గుడి ముందు నిలిచి మేలుకొలుపు పాడాలి. ఆ పాట గుట్ట కింది జనానికి వినబడితేనే జాతర మొదలయ్యేది. కన్నతల్లి గతించాక ఆ సేవ సాలెవాడ పడుచు చెంగసానికి వచ్చింది. చక్కని గొంతు ఆమెది. కానీ చిన్ననాటి నుంచీ మగ్గం మీద వంగి నేయడంతో వెన్నుకు గూని వచ్చి, రొమ్ము ముడుచుకుపోయింది. మొదటి జాతరలోనే ఊపిరి అందక పాట నడుమ తెగింది. కింద జనం గొల్లున నవ్వారు.

"ఈ సేవ మా ఆస్థాన గాయకులకు అప్పగిస్తాం" అన్నాడు పాళెగాడు సిద్ధపనాయుడు.

"ఒక్క ఏడాది గడువివ్వండి దొరా. అప్పటికీ నా వల్ల కాకపోతే నేనే తప్పుకుంటాను" అన్నది చెంగసాని.

జనం వెళ్ళిపోయాక ఆమె గుడి అరుగు మీదే ఏడ్చి ఏడ్చి కునుకు తీసింది. కలలో అమ్మవారు కనిపించి, "నా అభిషేకానికి గుట్ట కింది కోనేటి నీళ్ళు కడవతో తలకెత్తుకొని పాడుతూ తేవే అమ్మాయీ. చుక్క తొణకకూడదు" అన్నది.

"తొణికితే, తల్లీ?"

"మళ్ళీ దిగి నింపుకో."

మరునాటి నుంచే చెంగసాని కడవ ఎత్తింది. వంగితే కడవ జారేది. ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తే నీళ్ళు ఒలికేవి. తడిసిన చీరతోనే మళ్ళీ దిగేది. పోనుపోను వెన్ను నిలిచింది, భుజాలు దిగాయి. గాలి కడుపు దాకా నిండి, పక్కలు కొలిమితిత్తిలా విచ్చుకునేవి. ఆ గాలిని కండె నుంచి నూలు విడిచినట్టు సన్నగా విడవడం నేతగత్తె అయిన ఆమెకు తెలిసిన పనే.

మరుసటి జాతరకు చెంగసాని నిండుకడవ తల మీద ఉంచుకొనే మేలుకొలుపు అందుకున్నది. పాట గుట్ట దిగి, చేలు దాటి, పక్క ఊరి పొలిమేరను తాకింది. సిద్ధపనాయుడు చెప్పులు విడిచి మెట్లెక్కి వచ్చి, స్వయంగా కడవ దించాడు. నీరు అంచు దాకా అలాగే ఉన్నది.

"ఏ గురువు నేర్పాడమ్మా ఈ విద్య?"

"ఆ గురువు గర్భగుడిలో ఉన్నది దొరా. చూడండి."

తలుపులు తీయగా, అంతవరకు కిందికి వేలాడిన అమ్మవారి ఎడమచేయి కడుపు మీద నిలిచి ఉన్నది. నాటి నుంచి ఎర్రమ్మ తొణకనమ్మ అయింది.

నేటికీ హరిదాసులు, భజన బృందాలవారు, సంగీతం నేర్చే పిల్లలు చెంబెడు నీళ్ళు తలకెత్తుకొని పాడుతూ ఈ మెట్లెక్కుతారు. అలా కొలిచినవారికి నిండు ఊపిరి, ముదిమిలోనూ వాడని గొంతు ప్రాప్తిస్తాయని భక్తుల నమ్మకం. జాతరకు ఎంతటి విద్వాంసులు వచ్చినా అరుగు పక్కన నిలబడి వేచి ఉండవలసిందే. తొలి పాట సాలెవాడ ఆడపడుచుది.